హాస్టల్ గేటు దాకా పోయి వచ్చినం

పోయిన నెల ఇందల్వాయి చర్చి సంఘం నుంచి ఒక జంట నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇల్లు వెతుక్కుంట వచ్చిన్రు. ఆ పిల్ల పేరు శిరీష. టీచర్ ట్రైనింగ్ అయింది. భర్తతో కలిసి ఆఫ్రికాలో ఒక మిషన్ బడికి పోతున్నది. నాలుగేండ్ల కొడుకు ఉన్నడు. నేను అక్కడ చాలా ఏండ్లు పని చేసి రిటైరై వచ్చిన దాన్ని కాబట్టి నాలుగు మాటలు అడిగి తెలుసుకుందామని వచ్చిన్రు.

చాయ్ తాగుకుంట మస్తు అడిగిన్రు. కుక్కర్ తీసుకపోవాల్నా, చింతపండు దొరుకుతదా, పాములుంటయా? అన్నిటికీ చెప్పిన. కుక్కర్ తీసుకపోండ్రి. చింతపండు పట్నంలో మనవాళ్ల దుకాణాల్లో ఉంటది. పాములు బోధన్ చెరుకు తోటల్లో ఎన్ని ఉన్నయో అక్కడా అన్నే. ఇద్దరూ రాసుకున్నరు. పోయేటప్పుడు భర్త బండి తీస్తుంటే, శిరీష గుమ్మం కాడ ఆగి మెల్లగ అడిగింది.

"అమ్మా, అక్కడ మీ పాపను ఏం చేసిన్రు?"

అసలు ప్రశ్న అదే. మిగిలినవన్నీ దాని చుట్టూ తిరిగిన మాటలు. గుమ్మం కాడ నిలబడి జవాబు చెప్పేది కాదని, "రాసి ఇస్త పో బిడ్డా" అన్న. అందుకే ఇది రాస్తున్న. నేను ఏ పదవిలో ఉన్న, రిపోర్టులు ఎట్ల పంపిన అన్నవి ఇందులో ఉండవు. అవి పోయినంక ఎట్లనూ నేర్చుకుంటరు.

బోధన్ నుంచి ఇంకో చెరుకు దేశానికి

నేను పుట్టింది బోధన్‌లో. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ కాడ పని చేసెటోడు. చెరుకు ఆడే కాలంలో మా క్వార్టర్ల మీద మసి పడేది. అమ్మ ఆరేసిన బట్టలు దులిపి దులిపి లోపల పెట్టేది. నేను ట్రైనింగ్ చేసి నిజామాబాద్‌లో ఒక మిషన్ బడిలో చిన్న పిల్లలకు చెప్పిన. పెండ్లయినంక నా భర్త డేవిడ్‌కు జాంబియాలో బోరింగులు రిపేరు చేసే పని ఇచ్చింది మిషన్. నాకు అక్కడి పల్లె బడిలో టీచర్ పని. మా బిడ్డ స్నేహకు అప్పుడు రెండేండ్లు దాటినయి.

దక్షిణం దిక్కు చెరుకు తోటల నడుమ ఆ పల్లె. పోయిన మొదటి వారం బట్టలు ఆరేస్తే నల్లటి బూడిద వచ్చి పడ్డది. అక్కడ చెరుకు కొట్టే ముందు తోటకు నిప్పు పెడుతరు. నేను ఆ దుప్పటి పట్టుకొని నవ్విన. సముద్రం దాటి ఇంత దూరం వచ్చి మళ్ల మసిలోనే పడ్డనని.

దేవుని పని అంటే పొద్దుమాపు ప్రసంగాలు చేసుడు అనుకుంటరు మన సంఘాలలో. నా పని పలక, సుద్దముక్క, ముక్కు కారే పిల్లలు. నేను వాక్యం చెప్పిన రోజులకన్నా పిల్లల తలలో పేలు చూసిన రోజులే ఎక్కువ. దానికి చిన్నబోవద్దు. ఆ పని మంచిగ చేస్తే మిగిలింది వాళ్లే అడుగుతరు.

నా పక్క తరగతి టీచర్‌ను అందరూ బినా చూల్వే అనేవాళ్లు. వాళ్ల టోంగా భాషలో 'బినా' అంటే తల్లి. చూల్వే తల్లి అన్నమాట. చూల్వే మా స్నేహ ఈడుది. బినా చూల్వే పెద్ద గొంతు మనిషి, ఉన్నదున్నట్టు అనేస్తది. వచ్చిన కొత్తలో నేను ఒక ముసలవ్వకు నిలబడే దండం పెట్టిన. అక్కడ ఆడవాళ్లు పెద్దవాళ్ల ముందర మోకాళ్ల మీద వంగి చేతులు మెల్లగ చరుస్తరు. ఇంటికి పోయేటప్పుడు బినా చూల్వే నన్ను ఆపింది. ఆమె మాటలు నా తెలుగులో రాస్తున్న.

"అవ్వ నేల మీద కూసుంటే నువ్వు మీద నిలబడి మాట్లాడినవ్. నువ్వు మనిషివా, చెట్టువా?"

మరునాడు పోయి మోకాళ్ల మీద కూర్చున్న. అవ్వ నా చేయి పట్టుకొని, "బినా స్నేహ" అన్నది. ఆనాటి నుంచి ఊరంతటికీ నేను బినా స్నేహనే. టీచర్ అన్నోళ్లు తక్కువ. నా సొంత పేరు సుజాత అని సగం మందికి తెల్వనే తెల్వదు. తల్లినన్న లెక్కనే నన్ను ఊర్లోకి రానిచ్చిన్రు. ఇది యాది పెట్టుకోండ్రి, ముందు చెప్పబోయేది దీని మీదనే నిలబడ్డది.

పెద్దయ్యగారి రూలు

మా మిషన్ పనివాళ్లకు పెద్ద ప్రభుదాసుగారు. కోస్తా వైపు మనిషి. అందరం పెద్దయ్యగారు అనేవాళ్లం. తానే పికప్ బండి నడుపుకుంట, కూలీలతో సమానంగా బోరింగు పైపులు మోసుకుంట తిరిగేవారు. ఆయన మాట ఆయన తప్పడు, మనల్ని తప్పనియ్యడు. అసుంటి పెద్ద దొరికితే పని నేర్చుకుంటం. కొన్నిసార్లు ఎదురు నిలబడుడు కూడ నేర్చుకోవాల్సి వస్తది.

ఆయన రూలు ఒకటే. పనివాళ్ల పిల్లలకు ఏడేండ్లు రాంగనే రాజధానిలో మిషన్ హాస్టల్‌కు పంపాలె. ఈ రూలు కసితో పెట్టింది కాదు. మేము రాకముందు ఒక మారుమూల పల్లెలో ఒక పనివాని పిల్లగానికి జ్వరమొచ్చి, ఆసుపత్రి చేరకముందే పోయిండట. ఆ పిల్లగాణ్ని పెద్దయ్యగారే చేతుల మీద మోసిండ్రు. హాస్టల్ పక్కన ఆసుపత్రి ఉన్నది, మంచి బడి ఉన్నది. తల్లులకు చేతులు ఖాళీ అయి పని బాగా సాగుతది. అందరూ పంపిన్రు. మేమూ పంపాల్సిందే అనుకున్నం.

స్నేహకు కొత్త బూట్లు కొన్నం. డేవిడ్ రేకు పెట్టె మీద తెల్ల రంగుతో దాని పేరు రాసిండు. ఆయనకు దూరం ఊర్లో పని పడ్డది, నేనే బస్సులో తీసుకపోయిన. దారి పొడుగునా స్నేహ కిటికీలోంచి చూసుకుంట ఏవో లెక్కపెట్టింది. నేను మనసులో మాటలు కూడబెట్టుకుంట కూర్చున్న. ఇది దేవుని పని కోసం, సెలవులకు వస్తవు, అందరి పిల్లలూ ఉంటరు. అసుంటివి.

మంచం మీద అడిగిన మాట

హాస్టల్‌లో వంక పెట్టడానికి ఏమీ లేకుండె. కష్టమంతా అక్కడనే. వార్డెన్ పెద్దావిడ, మంచిది. కిటికీ పక్క మంచం, నీలం కంబళి, గోడకు బొమ్మలు. స్నేహ మంచం మీద కూర్చొని కాళ్లు ఊపుతున్నది. వార్డెన్ కొంచెం దూరంగ నిలబడ్డది.

"అమ్మా, రేపు నువ్వు బడికి పోతవా?"

"పోత బిడ్డా."

"చూల్వేకు చదువు చెప్తవా?"

"చెప్త."

"ముతింతకు?"

ముతింత మా ఇంటెనక పిల్ల. "దానికీ చెప్త" అన్న.

స్నేహ బూట్ల దిక్కు చూసింది. "మరి నాకెందుకు చెప్పవ్?"

ఏడ్వలేదు, మారాం చెయ్యలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. బస్సులో కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటి కూడ నోట్లోకి రాలేదు. వాటిని ఏడేండ్ల పిల్లకు చెప్పి చూడండ్రి, మీకే తెలుస్తది. నేను లేచి పెట్టె పిడి పట్టుకున్న. వార్డెన్ దగ్గరికొచ్చింది.

"ఏమైంది?"

"ఇప్పుడు కాదు. తనంతట తాను అడిగిన రోజు తెస్త" అన్న.

ఆమె నా ముఖం దిక్కు ఒకసారి చూసి, పెట్టెకు అటు దిక్కు పిడి పట్టుకున్నది. ఇద్దరం మోసుకుంట గేటు దాకా వచ్చినం. ఆ మంచితనం నేను మర్చిపోలేదు.

తిరుగు బస్సులో స్నేహ నా ఒళ్లో నోరు తెరుచుకొని నిద్రపోయింది. నాకు భయముండె. పని పోతదేమో, డేవిడ్ ఏమంటడో అని. కాని ఆ భయం కింద గుండె ఎంత తేలికైందో చెప్పలేను. చాలా దినాల తర్వాత నిండుగ ఊపిరి పీల్చుకున్నట్టయింది.

దూరం ఊరి పని నుంచి వచ్చిన డేవిడ్ వాకిట్లో పైపు బిగిస్తున్నడు. మమ్మల్ని చూసిండు, పెట్టెను చూసిండు. పాన కింద పెట్టి వచ్చి పెట్టె అందుకున్నడు.

"మస్తు బరువున్నది. ఎట్ల మోసినవ్?" అన్నడు.

పంపితే ముగ్గురం పోతం

వారం తిరగకుండనే పెద్దయ్యగారి పికప్ దుమ్ము లేపుకుంట వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సుజాతమ్మా, మీరు ఇక్కడికి దేనికొచ్చారు?"

"పిల్లలకు చదువు చెప్పనీకి అయ్యగారూ."

"మరి ఒక్క పిల్ల కోసం ఇంతమంది పిల్లల పని పాడు చేసుకుంటారా?"

"ఆ ఒక్క పిల్ల గూడ పిల్లలల్లనే లెక్క గద అయ్యగారూ."

ఆయన ముఖం ఎర్రబడ్డది. "రేపు దానికి జ్వరమొస్తే? ఆసుపత్రి ఎంత దూరమో తెలుసా మీకు? నేను ఒక బిడ్డని మోశానమ్మా. మీరు మొయ్యలేదు."

ఆయన అన్నది నిజమే. "భయమున్నది అయ్యగారూ. కాని పిల్ల కండ్ల ముందరుంటే ఆ భయం ఓర్సుకుంట. దూరం పంపి ఓర్సుకోలేను" అన్న.

"మిషన్ కమిటీకి రాయాల్సొస్తుంది. మిమ్మల్ని వెనక్కి పంపేసినా పంపేస్తారు."

అప్పటి దాకా గోడకు ఆనుకొని ఉన్న డేవిడ్, "పంపితే ముగ్గురం పోతం అయ్యగారూ" అన్నడు. పెద్దయ్యగారు మంచినీళ్లు కూడ తాగకుండ పోయిండ్రు.

తర్వాత నిజామాబాద్ నుంచి సంఘం పెద్ద ఫోన్ చేసిండు.

"ఏందమ్మా గిది? మన పాపను గా పల్లె బడిల కూసుండబెడుతున్నవంట?"

"గా పల్లె బడిల నేనే టీచర్ను గద అన్నా" అన్న. "నా పిల్లకు పనికిరాని బడి వాళ్ల పిల్లలకు ఎట్ల పనికొస్తది?"

ఆ మాట నేను ఆయనకు చెప్పిన గాని, అన్నంక నాకే కండ్లు తెరిచినట్టయింది. మన పిల్లలను కూర్చోబెట్టలేని బడిని ఇంకొకరి పిల్లలకు సేవ అని చెప్పొద్దు. మీరు పోయే చోట బడి బాగలేకుంటే, మీ పిల్లలు అందులో ఉన్నరన్నట్టే దాన్ని బాగు చెయ్యండ్రి.

బాపుకు ఎవరో చెప్పిన్రు. ఆయనా ఫోన్ చేసిండు.

"బిడ్డను వాపస్ తోలుకొచ్చినవా?"

"తోలుకొచ్చిన బాపూ."

"అన్నం మంచిగ తింటుందా?"

"తింటుంది."

"ఇగేం ఫికరు" అని పెట్టేసిండు. నేను ఫోన్ పట్టుకొని అట్లనే కూర్చొని ఏడ్చిన. సుఖంగ ఏడ్చిన.

ఇగ స్నేహను నా తరగతిలో కూర్చోబెట్టుకుందామనుకున్న. బినా చూల్వే ఒప్పుకోలేదు.

"నా దగ్గర కూసుంటది. నీ దగ్గరైతే రాణి అయితది, లేదంటే దొంగ అయితది. ఆ రెండూ వద్దు."

నూటికి నూరుపాళ్లు కరెక్టు. తల్లి టీచర్ అయితే ఆ పిల్లకు ఎక్కువ ముద్దన్నా, ఎక్కువ దెబ్బలన్నా పడుతయి. చూల్వే నా దగ్గర, స్నేహ చూల్వే తల్లి దగ్గర నేల మీద కూర్చొని చదివిన్రు. మధ్యాహ్నం ఇంటికొచ్చినంక తెలుగు నేను చెప్పిన, రొట్టె పిండి చల్లిన పీట మీద వేలుతో అ, ఆ దిద్దించుకుంట.

జ్వరం

కమిటీ జవాబు రాకముందే వానకాలంలో స్నేహకు జ్వరమొచ్చింది. రెండో రోజుకు పిల్ల కండ్లు నిలుపుతలేదు. డేవిడ్ ఎవరెవరికో ఫోన్లు చేసిండు. మిట్టమధ్యాహ్నం బురదలో ఈదుకుంట వచ్చింది పెద్దయ్యగారి పికప్.

ఆసుపత్రి దాకా ఆయనే బండి నడిపిండు. నేను పిల్లను ఒళ్లో పెట్టుకొని, ఇప్పుడంటడు, ఇప్పుడంటడు అని ఎదురుచూసిన. నేను ముందే చెప్పలేదా అని. అనలేదు. బండి బురదలో దిగబడ్డప్పుడు తానే దిగి డేవిడ్‌తో కలిసి నెట్టిండు. ఆసుపత్రిలో స్నేహను నా చేతుల నుంచి తీసుకొని లోపలికి పోయింది కూడ ఆయనే.

మలేరియా. సూదులు ఇచ్చిన్రు. మరునాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇంక భయం లేదు" అన్నది. స్నేహ కండ్లు తెరిచి గంజి అడిగింది. నేను డేవిడ్ దిక్కు చూసిన, ఆయన నా దిక్కు చూసిండు. పెద్దయ్యగారు బయట బల్ల మీద కూర్చొని తల గోడకు ఆనించి నిద్రపోతున్నరు. నేను ఆయన పక్కనే కూలబడ్డ. హాస్టల్‌లో ఉంటే ఈ జ్వరం వచ్చేది కాదేమో. వచ్చినా ఆసుపత్రి పక్కనే ఉండె. ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. తేలిందని మీకు అబద్ధం చెప్పను.

అమ్మగారు వంటింట్లో

స్నేహ కోలుకొని బడికి పోవుడు మొదలు పెట్టినంక, పెద్దయ్యగారి భార్య సరోజినమ్మగారు చూడటానికి వచ్చిన్రు. పెద్దగ మాట్లాడే మనిషి కాదు. వంటింట్లో పీట మీద కూర్చొని నాకు కూరగాయలు తరిగిస్తున్నరు. అప్పుడే బడి వదిలింది. స్నేహ దుమ్ము కాళ్లతో ఉరికి వచ్చి, "ఆకలైతుందే అమ్మా, ఏమున్నది?" అని గిన్నె మూత తీసి, వేలు పెట్టి నాకి, నేను కొట్టబోతే తప్పించుకొని మళ్ల బయటికి ఉరికింది.

సరోజినమ్మగారి చేతిలో కత్తి ఆగిపోయింది.

"రోజూ ఇట్టాగే వస్తుందా?"

"రోజు గిదే లొల్లి అమ్మగారూ."

ఆమె తలుపు దిక్కు చూసిన్రు. "మేము ముగ్గుర్నీ పంపామమ్మా. పెద్దోడు మొదటిసారి సెలవులకి ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి 'కొంచెం మంచినీళ్లు ఇప్పిస్తారా' అనడిగాడు నన్ను. ఎంతో మర్యాదగా. చుట్టాలింటికి వచ్చినట్టు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నరు.

"వద్దనొచ్చని నాకెవరూ చెప్పలేదు సుజాతా."

ఆ తర్వాత ఆమె ఇంట్లో ఏం మాట్లాడిన్రో నాకు తెల్వదు. కమిటీ కూర్చున్నప్పుడు ఆమె కూడ పోయి మాట్లాడిన్రట, ఎన్నడూ పోని మనిషి. కబురు ఫోన్‌లో వచ్చింది. ఇకనుంచి పిల్లలను హాస్టల్‌కు పంపుడు తల్లిదండ్రుల ఇష్టం. మమ్మల్ని వెనక్కి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. డేవిడ్ ఆ పూట చేసేది లేక ఇంటి ముందటి బోరింగును విప్పి మళ్ల బిగించిండు. మంచిగున్న బోరింగును.

పెద్దయ్యగారు తప్పయిందని ఎన్నడూ అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. ఒకరోజు పికప్ నిండ చెక్కలు, మేకులు తెచ్చి బినా చూల్వే తరగతి ముందర దింపి, "పిల్లలు నేల మీద కూర్చుంటే ఎట్టాగండీ, రోగాలొస్తాయి" అని కసిరి పోయిండ్రు. ఆ చెక్కలతో చేసిన బల్లల మీద ఊరి పిల్లలందరూ కూర్చున్నరు.

శిరీషకు

హాస్టల్‌కు పంపిన తల్లులు తక్కువ తల్లులని నేను అనడం లేదు. కొందరికి వేరే దారి లేకుండె. స్నేహ కూడ పై తరగతులకు తనంతట తానే అడిగి అదే హాస్టల్‌కు పోయింది, నవ్వుకుంట. ఆనాడు తిరుగు బస్సులో ఏడ్చింది నేను.

ఖర్చు లేకుండ ఏదీ రాదు. ఇంటర్‌కు నిజామాబాద్ వచ్చినప్పుడు స్నేహకు మస్తు కష్టమైంది. తెలుగు తప్పులు రాస్తే నవ్వేవాళ్లు. పెద్దోళ్లు కనబడితే మోకాళ్ల మీద వంగితే ఇంకా నవ్వేవాళ్లు. ఒక ఏడాది ఎవరితోనూ కలవలేదు. ఆ తర్వాత కుదురుకున్నది. ఇప్పుడు బోధన్‌లో ఒక బడిలో సైన్సు చెప్తది. ఒకసారి ధైర్యం చేసి అడిగిన, "అక్కడికి కొంచపోయి నీకు అన్యాయం చేసినమా బిడ్డా" అని.

"ఏ, లేదమ్మా. కాని చూల్వే యాదికొస్తది" అన్నది. కూరలో ఉప్పు చూసి, "తక్కువైంది" అన్నది.

నీ కొడుకును ఏం చెయ్యాల్నో నేను చెప్పను శిరీషా. పంపాల్నా, ఉంచుకోవాల్నా అన్నది నువ్వూ నీ భర్త తేల్చుకోవాలె. వద్దనొచ్చు అన్న మాట మటుకు నీకు ముందే తెలిసుండాలె.

ఆఖరి పొద్దు

చివరికి మేము రావాల్సిన ఏడు వచ్చింది. బడికి బినా చూల్వేనే హెడ్ టీచర్ అయింది. టీచర్లందరూ ఆ చుట్టుపక్కల వాళ్లే, అందులో ఇద్దరు నా దగ్గర అక్షరాలు దిద్దినోళ్లు. నేను ఒక్కదాన్నే బయటి మనిషిని. నాకు లోపల ఒక భయముండె, నేను పోతే బడి ఏమైతదో అని.

బయలుదేరే పొద్దున సామాన్లు వాకిట్లో పెట్టుకొని పెట్టె మీద కూర్చున్న. డేవిడ్ బండి కోసం రోడ్డు మీదికి పోయిండు. అప్పుడే బడి గంట కొట్టిన్రు. వేలాడదీసిన ఇనుప ముక్క, ఊరంతా వినపడుతది. నాకు తెలియకుండనే లేచి నిలబడ్డ. కొంగు దోపుకున్న కూడ.

బినా చూల్వే పిల్లలను తోలుకుంట మా వాకిలి ముందర నుంచే పోతున్నది. నన్ను చూసి ఆగింది. కూసో అన్నట్టు చేయి కిందికి ఊపి, పిల్లలను అదిలించుకుంట ముందటికి పోయింది. కొద్దిసేపటికి తరగతిలో నుంచి పిల్లలు ఎక్కం అందుకున్నరు, గట్టిగ, ఒక్క గొంతుతో.

నేను కూర్చున్న. ఎంత హాయిగ ఉండెనో.